గట్టు మీద గొట్టం మైకు

పోయిన వారం నాగరత్నాన్ని ఆటోలో కూర్చోబెట్టి వదిలేశాం. ఒళ్ళో గుడ్డసంచి, పక్కన ముఖం ముడుచుకున్న కూతురు అఖిల. ఆ సంచిలో ఉన్నవి అఖిల నిశ్చితార్థానికి మగపెళ్ళివారు పెట్టిన పట్టుచీర, ఉంగరం. వాటిని పెళ్ళికొడుకు ఫణికిరణ్ చేతిలో పెట్టేసి, ఈ సంబంధం మాకు వద్దు బాబూ అని చెప్పి రావడానికే ఆవిడ ఏలూరులో ఆటో ఎక్కింది.

ఎందుకయ్యా అంటే, దొంగతనం. కొల్లేట్లో వాళ్ళకున్న చేపల చెరువులో కొత్త పిల్లల్ని వదలడానికి దాచుకున్న డబ్బు, బ్యాంకులోంచి ఒక మధ్యాహ్నం చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. తలుపు విరగలేదు, తాళం ఊడలేదు, కార్డు పోలేదు, ఫోను పోలేదు. తాడేపల్లిగూడెంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న అఖిల ఆ సాయంత్రమే కార్డు ఆపించింది, సైబర్ పోలీసులకి ఫిర్యాదు రాయించింది. కానీ బ్యాంకువాళ్ళు ఒకటే మాట అన్నారు. ఓటీపీ మీ ఫోనుకే వచ్చింది, అవే అంకెలు ఎవరో కొట్టారు, మీరే ఎవరికో చెప్పి ఉంటారు.

ఆ మాట నాగరత్నానికి చెంపదెబ్బలా తగిలింది. చదివింది ఏడో తరగతే గానీ, పేపర్లో దొంగతనాల వార్త ఒక్కటీ వదిలే మనిషి కాదు. గ్యాసు సిలిండరు పేలుతుందని రాత్రి రెండుసార్లు లేచి చూసుకుంటుంది. అఖిల గూడెం రైలు దిగి మెసేజీ పెట్టేదాకా కాఫీ తాగదు. అలాంటి మనిషి బ్యాంకు విషయంలో ఊరుకుంటుందా? స్మార్టు ఫోన్లలోకి దొంగలు దూరతారని విన్న రోజే, బ్యాంకుకి ఇచ్చిన నంబరున్న సిమ్ము తీసి పాత బటన్ ఫోనులో వేయించింది. ఆ ఫోను ఇంట్లో ఉంటే ప్రమాదమని భర్త హనుమంతరావు చేత చెరువు దగ్గరికి పంపించేసింది. గట్టు మీద కాపలాకి వేసుకున్న పాకని అక్కడ మకాం అంటారు. ఆ మకాంలో నిట్టాడి గుంజకి కొట్టిన మేకుకి ఆ ఫోను వేలాడుతూ ఉంటుంది. ఫోన్లు వస్తాయి గానీ చెయ్యడానికి అందులో డబ్బులు వెయ్యలేదు, మాట్లాడితేనే కదా దొంగలకి దారి దొరికేదని. చుట్టూ నీళ్ళు, మధ్యలో గట్టు, గట్టు మీద కాపలా వీర్రాజు. ఇంతకంటే భద్రమైన చోటు రిజర్వు బ్యాంకుకి కూడా ఉండదనుకుంది.

డబ్బు పోయిన మధ్యాహ్నం ఆ మకాంలో, ఆ ఫోను చేత్తో పట్టుకున్న పైమనిషి ఒక్కడే. ఫణికిరణ్.

"అమ్మా, ఇంకోసారి ఆలోచించు," అంది అఖిల, ఆటో గుడివాకలంక దాటి గట్టెక్కాక.

"ఆలోచించే బయల్దేరానే. ఇవాళ నా అకౌంటు. రేపు పెళ్ళయ్యాక నీ జీతం."

"నా జీతం చూస్తే దొంగే జాలిపడి ఏదో ఒకటి వేసి వెళతాడు."

"నవ్వు. నువ్వు నవ్వుతూ ఉండు. రోజూ ఒకే రైల్లో వస్తున్నాడు, మర్యాదగా మాట్లాడుతున్నాడు అని మురిసిపోయావు. అంత మర్యాద ఎందుకో అని అప్పుడే అనుకున్నాను నేను."

అఖిల కిటికీ లేని ఆటోలో కిటికీ ఉన్నట్టు బయటికి చూస్తూ కూర్చుంది. కళ్ళు తడిసినట్టున్నాయి. నాగరత్నం గమనించి, గమనించనట్టు సంచి సర్దుకుంది. ఆ తడి చూసి మెత్తబడితే ఇంక వెనక్కి తిరగాల్సిందే.

ఎడమవైపు శ్యామ్ సుందర్ చెరువు వచ్చింది. ఫణికిరణ్‌కి మేనమామ ఆయన, ఈ సంబంధం కుదిర్చిన పెద్దమనిషి కూడా. ఆయన చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటరు ఒకటి ఉంది. దాని తెడ్డు విరిగి ఏడాదైంది. తిరిగినప్పుడల్లా టక్, టక్కటక్, మళ్ళీ టక్, టక్కటక్ అని కుంటి గుర్రం నడిచినట్టు చప్పుడు. కొల్లేరంతటిలో అలాంటి చప్పుడు చేసేది అదొక్కటే.

"బాగుచేయించుకోరేం? ఆ తెడ్డు ఊడి ఎవరి తలకైనా తగిలితే?" అంది నాగరత్నం. తిట్టుకుంటూనే, తల కొంచెం పక్కకి వంచి కూర్చుంది.

గట్టు మలుపు తిరిగాక ఆ చప్పుడు వినపడ్డం ఆగిపోయింది. వాళ్ళ చెరువు కనపడింది. నీళ్ళ మధ్య హనుమంతరావు దోనెలో నిలబడి, చేపల మేత కోసం కర్రలకి తవుడు సంచులు కడుతున్నాడు. దూరం నుంచి తలపాగా ఒక్కటే తెలుస్తోంది. గట్టు చివర గూడబాతులు పెళ్ళి భోజనాలకి వచ్చిన బంధువుల్లా వరసగా కూర్చుని ఉన్నాయి.

మకాం ముందు ఫణికిరణ్ గాజు గొట్టంలో చెరువు నీళ్ళు పోసి, మందు చుక్క వేసి, ఎండకెత్తి రంగు చూస్తున్నాడు. గూడెంలో మేత కంపెనీ లాబ్‌లో ఉద్యోగం అతనిది. వారానికోసారి ఈ చెరువుల నీళ్ళు చూసి వెళతాడు. వీళ్ళని చూడగానే గొట్టం పక్కనున్న బల్ల మీద పెట్టి, ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ తుడిచి ముందుకు జరిపాడు.

"రండి అత్తయ్యగారూ, కూర్చోండి."

"కూర్చోవడానికి రాలేదండి."

అఖిలకి ఏం జరగబోతోందో తెలిసిపోయింది. నాగరత్నానికి కోపం వస్తే గొంతు పెరగదు. మాటకి మాటకి అండీలు పెరుగుతాయి. మామూలుగా 'బాబూ' అని పిలిచే మనిషి ఇవాళ మొదటి మాటకే అండి దాకా వచ్చేసింది.

"ఆ మధ్యాహ్నం మీరు ఇక్కడే ఉన్నారా అండి?"

"ఉన్నానండి. నీళ్ళు చూడ్డానికి వచ్చాను."

"మా బటన్ ఫోను మీ చేతిలో ఉందని వీర్రాజు చెప్పాడండి. నిజమేనా అండి?"

"ఉందండి. గాలికి మేకు మీంచి కింద పడితే తీసి తగిలించాను."

"తగిలించేముందు చూశారా అండి?"

"చూశానండి. పగిలిందేమోనని."

"చూశారండి." నాగరత్నం కూతురి వైపు తిరిగింది. "విన్నావా? తన నోటితోనే చెప్పారు."

"పగిలిందేమోనని చూడ్డం నేరమా అమ్మా?"

"నువ్వుండు. చూసినవాడికి అంకెలు కనపడవా? ఏమండీ, కనపడలేదా అండి?"

ఫణికిరణ్ చూపు సంచి మీద పడింది. ఆవిడ చేయి సంచి మూతి విప్పుతోంది. అందులోంచి మెరూన్ రంగు జరీ అంచు బయటికి వచ్చింది. ఆ అంచు అతనికి తెలుసు. వాళ్ళమ్మతో పాటు తాడేపల్లిగూడెంలో మూడు కొట్లు తిరిగి, అఖిలకి ఏది బావుంటుందో తేల్చుకోలేక ఒక పూటంతా కూర్చున్నది అతనే.

"నేనే తీశాననుకుంటున్నారా అత్తయ్యగారూ?" అన్నాడు మెల్లిగా.

అవును అని నాలిక చివరిదాకా వచ్చింది. అనేదే. సరిగ్గా అప్పుడు మేకుకి వేలాడుతున్న బటన్ ఫోను కీచుమంది.

ఇంతసేపూ మకాం వెనక వల బాగుచేసుకుంటున్న వీర్రాజు ఆ చప్పుడు వినగానే లేచి వచ్చాడు. ఎవరినీ చూడలేదు. చేతులు పంచెకి తుడుచుకున్నాడు. చూరులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. ఫోను చేతిలోకి తీసుకుని, నాలుగడుగులు వేసి, నీటికాకుల్ని అదిలించడానికి కొన్న గొట్టం మైకు మీట నొక్కాడు. కుయ్యిమంది.

"అయ్యగారండోయ్. గేసు కోడండోయ్. ఏడూ... రెండూ... సున్నా... తొమ్మిదండోయ్. మల్లీ సెబుతున్నానండోయ్. ఏడూ... రెండూ..."

ఆ అంకెలు నీళ్ళ మీదుగా అవతలి గట్టుకి వెళ్ళి, అక్కడ తగిలి మళ్ళీ వెనక్కి వచ్చాయి. గూడబాతులు రెండు ఎగిరి, అలవాటైన సంగతే అన్నట్టు మళ్ళీ కూర్చున్నాయి. దూరంగా దోనెలో హనుమంతరావు తువ్వాలు ఊపి, జేబులోంచి తన ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఏలూరులో పక్కింటి సూర్యకాంతం వీళ్ళ వాకిట్లో సిలిండరు దింపించుకోవడానికి ఆ కోడు కోసమే ఎదురుచూస్తోంది.

నాగరత్నం అలాగే నిలబడిపోయింది. చేతిలో సంచి, సంచిలో సగం చీర, నోట్లో సగం మాట.

నెలనెలా గ్యాసు వచ్చినప్పుడు కోడు అడిగితే, చిటికెలో ఆయన ఇంటికి ఫోన్ చేసి చెప్పేస్తాడు. చెరువు మధ్యలో ఉన్న మనిషికి మకాంలో ఉన్న ఫోనులోని అంకెలు ఎలా తెలుస్తున్నాయని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. లోకంలో అన్నీ అనుమానించింది గానీ, ఇది తట్టలేదు.

"వీర్రాజూ," అంది నాగరత్నం. "ఇలా ఎప్పుడూ చదువుతావా?"

"ఆయ్. ఎప్పుడూ ఇంతేనండి. అయ్యగారి సేతులు తవుడూ నీల్లూ కదండి. ఈ ఫోనులోంచి మనం సెయ్యడానికి డబ్బుల్లేవు, ఎయ్యొద్దని మీరే సెప్పారంట. అందుకని మైకులో సెప్పేత్తానండి."

"బ్యాంకు అంకెలు కూడానా?"

"ఏ అంకెలొచ్చినా అంతేనండి. తవుడు కొట్టుకి అయ్యగారు దోనెలోంచే డబ్బులు పంపుతారు కదండీ, అప్పుడొచ్చే అంకెలే ఎక్కువ. ఆ రోజు మజ్జానం వరసగా శానా వచ్చినయ్యండి. ఇవాల అయ్యగారు తవుడు గట్టిగా కొంటన్నారనుకున్నాను."

అఖిల తల పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. "మరి నాన్న ఏమీ అనలేదా?"

"తువ్వాలు ఊపారండి."

"ఎప్పుడూ ఊపుతారు," అన్నాడు ఫణికిరణ్. నవ్వు ఆపుకోవడానికి గాజు గొట్టం వైపు చూస్తున్నాడు.

"అయినా ఓటీపీ ఒక్కటే చాలదు కదా," అంది అఖిల, ఉద్యోగం గుర్తొచ్చి. "కార్డు మీద నంబరు తెలియాలి. వీర్రాజుగారూ, కార్డు ఎక్కడుంది?"

"అదుగోనండి, సూర్లో. కల్లజోడు పక్కన."

"ఆ నంబరు ఎప్పుడైనా..."

"ఒక్కసారేనండి," అన్నాడు వీర్రాజు, పెద్ద సంగతేమీ కాదన్నట్టు. "అయ్యగారు కొత్త ఫోను కొన్నాక అడిగారు. సదివాను."

"మైకులో?"

"ఆయ్."

"వెనకాల మూడంకెలు?"

"అయ్యి మరీ సిన్నగా ఉన్నాయండి. తప్పు పోకూడదని రెండుసార్లు సదివాను."

మొదట నవ్వింది అఖిల. ఆపుకుందామని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది, ఆగలేదు. ఆ నవ్వు చూసి ఫణికిరణ్‌కి ఆగలేదు. ఇద్దరూ అలా నవ్వుతూ ఉంటే, నాగరత్నానికి ఆటోలో తడిసిన ఆ కళ్ళు గుర్తొచ్చాయి. ఇంకొక్క క్షణం ఫోను మోగకపోతే తను ఏం చేసి ఉండేదో తలుచుకుంది. ఎవరూ చూడకుండా చీర అంచు సంచిలోకి తోసి, సంచిని బల్ల కిందికి కాలితో జరిపింది.

ఫణికిరణ్ చూడనే చూశాడు. "సంచిలో ఏమిటండి?"

"ఏముంది బాబూ. చీరకి ఫాల్ కుట్టిద్దామని."

"కొల్లేరులో ఫాల్ కుట్టేదెవరమ్మా?" అంది అఖిల.

"నువ్వు నోరుముయ్యవే. బాబూ, కూర్చో. నువ్వు నిలబడి ఉన్నావేమిటి, ఎండలో? తలకి ఏదైనా కప్పుకో, వడదెబ్బ తగులుతుంది."

అండీలన్నీ ఒక్కసారిగా వెళ్ళిపోయాయి. అఖిల ఊపిరి పీల్చుకుంది.

"ఈ మైకు ఎంత దూరం వినపడుతుంది బాబూ?" అని అడిగింది నాగరత్నం.

"అటు మా మావయ్య చెరువు దాకా వినపడుతుందండి. మీ అత్తారింటి గ్యాసు కోడు కూడా నాకు నోటికొచ్చురా అని మావయ్య నన్ను ఏడిపిస్తుంటాడు. ఈ మైకు వినడం నాకూ అలవాటైపోయింది, మావయ్య ఏదో సరదాకి అంటున్నాడనుకున్నాను. ఇదా సంగతి."

అయితే దొంగ ఎక్కడో ఉత్తరాదిలో కంప్యూటర్ల ముందు కూర్చున్నవాడు కాదు. చెవులున్నవాడు. ఈ గట్ల మీద తిరిగేవాడు. పోలీసులకి చెబుదామంది అఖిల. చెబుదాంలే, ముందు ఏమని చెబుతాం, గూడబాతుల్ని తప్ప అందర్నీ పట్టుకోమనా అంది నాగరత్నం. ఆవిడ ముఖంలో ఒక కొత్త కళ వచ్చింది. దొంగ తలుపు దగ్గర ఏం ఆలోచిస్తాడు, కిటికీ దగ్గర ఏం ఆలోచిస్తాడు, మనం నిద్రపోయామని ఎలా కనిపెడతాడు అని పెళ్ళయినప్పటి నుంచి ఊహించుకుంటూ వచ్చిన మనిషి. ఆ భయాలన్నిటికీ ఇవాళ పని దొరికింది.

"వాడికి మళ్ళీ ఆశ పుట్టాలి," అంది. "వీర్రాజూ, మైకు తియ్యి. నేను చెప్పినట్టు చెప్పు. అంకెలు మాత్రం ఒక్కటి కూడా చెప్పకు."

వీర్రాజు మీట నొక్కాడు.

"అయ్యగారండోయ్. పోయిన డబ్బులు బ్యాంకోల్లు తిరిగేసేసేరంటండోయ్. కొత్త కార్డు కూడా వచ్చిందండోయ్. మకాంలో అమ్మగారి సేతికి ఇచ్చేనండోయ్."

అందరూ ఫోను వైపు చూస్తూ కూర్చున్నారు. ఫణికిరణ్ గొట్టంలో నీళ్ళ రంగు మారింది, ఎవరూ పట్టించుకోలేదు. నాగరత్నానికి అప్పుడే పది రకాల భయాలు పుట్టాయి. దొంగ కత్తితో వస్తే? నలుగురు వస్తే? దోనెలో ఉన్న ఆయన మీద పడితే? ఇంక మైకులో అబద్ధమని చెప్పించేద్దామని లేవబోయింది.

ఫోను మోగింది.

బటన్ ఫోను కదా, నాగరత్నం చెవి దగ్గర పెట్టుకున్నా పక్కనున్న ముగ్గురికీ వినపడేంత గొంతు దానిది.

"నమస్కారమండి. బ్యాంకు హెడ్డాఫీసు నుంచి మాట్లాడుతున్నామండి." ఎవరో ముక్కు పట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. "మీకు కొత్త కార్డు వచ్చిందండి."

"వచ్చింది బాబూ. మీకెలా తెలిసింది?"

"మేమే కదండీ పంపింది. దాన్ని ఇక్కడ ఆన్ చెయ్యాలండి. దాని మీదున్న నంబరు చదవండి."

అఖిల రెండు చేతులూ ఊపింది. నాగరత్నం కూతురికేసి కళ్ళురిమింది, నాకు తెలీదా అన్నట్టు.

"చదువుతాను బాబూ. కళ్ళజోడు కనపడట్లేదు. హెడ్డాఫీసు ఎక్కడ?"

"హైదరాబాదండి."

"అక్కడ ఎండలెలా ఉన్నాయి?"

"ఉన్నాయండి. నంబరు..."

"భోజనం చేశావా నాయనా? గొంతు నీరసంగా ఉంది."

"చేశానండి," అన్నాడు చివరికి, పాపం.

ఇంతలో దోనెలోంచి హనుమంతరావు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి కేక వేశాడు. "ఏ కార్డురా? ఏం డబ్బులు?" ఆయనకి ఈ నాటకం సంగతి తెలియదు. అడిగాక చెప్పకపోవడం వీర్రాజు ధర్మం కాదు. మీట నొక్కి మళ్ళీ అందుకున్నాడు.

"అయ్యగారండోయ్. కొత్త కార్డండోయ్..."

నాగరత్నం ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. ఆ మాట ఒక చెవికి గట్టు మీంచి వినపడింది. రెప్పపాటు ఆలస్యంగా, అదే మాట, అదే వీర్రాజు గొంతు, ఫోనులోంచి రెండో చెవికి వినపడింది. హైదరాబాదులో ఉన్న హెడ్డాఫీసులోకి కొల్లేటి మైకు ఎలా వెళ్ళింది?

అఖిల కళ్ళు పెద్దవయ్యాయి. ఫణికిరణ్ బల్ల మీదకి వంగి చెవి ఒగ్గాడు. వీర్రాజు మైకు కట్టేశాడు. గట్టంతా నిశ్శబ్దమైపోయింది. ఫోనులో మాత్రం నిశ్శబ్దం లేదు. ముక్కు గొంతు వెనక, దూరంగా, ఏదో తిరుగుతోంది.

టక్, టక్కటక్. టక్, టక్కటక్.

మకాంలో ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఫణికిరణ్ ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"మావయ్య చెరువండి అది," అన్నాడు, పెదవులు మాత్రం కదిలేటట్టు. "ఈ వేళప్పుడు పనివాళ్ళందరూ భోజనాలకి ఊళ్ళోకి పోతారు. మోటారు దగ్గర మావయ్య ఒక్కడే ఉంటాడు."

అతని చూపు తనంతట తానే బల్ల కిందికి, ఆ గుడ్డసంచి మీదికి వెళ్ళింది. ఇంక దాన్ని వెనక్కి తీసుకోమని మీరు చెప్పక్కర్లేదు అన్నట్టుంది ఆ చూపు. అఖిల అది చూసి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

లోకంలో ఉన్న ప్రమాదాలన్నీ ముందే ఊహించి పెట్టుకున్న నాగరత్నానికి ఈ ఒక్కటీ తట్టలేదు. వచ్చేటప్పటి కోపమే ఉండి ఉంటే ఈపాటికి ఆ సంచి అతని చేతిలో ఉండేది. ఇప్పుడు ఆవిడ పాదం చాపి, సంచిని బల్ల కింద ఇంకా లోపలికి, గోడ దాకా, ఎవరి చెయ్యీ అందనంత దూరం తోసేసింది.

"అమ్మగారూ," అంటోంది ఫోనులో గొంతు. "లైన్లో ఉన్నారాండి?"

"ఉన్నాను నాయనా," అంది నాగరత్నం, ఆటో వచ్చిన దారి వైపు, గట్టు మలుపు వైపు కళ్ళు చికిలించి చూస్తూ. "నేనిక్కడే ఉన్నాను. కళ్ళజోడు కూడా దొరికింది. నువ్వు మాత్రం అక్కణ్ణించి కదలకు, నేనే వస్తున్నాను."